నాడె కట్టిన కారు

వరంగల్ నుంచి హైదరాబాదు పోయి రావడాన్ని కూడా యాత్ర అంటారా అని మా బామ్మర్ది నవ్వాడు. నవ్వనీ. పొద్దున బస్సెక్కితే పని చూసుకుని రాత్రి భోజనానికి ఇంటికి చేరే దూరమది. ఆ దూరానికి నేను మూడు రోజులు తీసుకున్నాను. కాశీకి పోయొచ్చినవాళ్ళు కూడా అంతమంది దేవుళ్ళకు మొక్కి ఉండరు. దారి మీ అందరికీ తెలిసిందే కాబట్టి దాని గురించి పెద్దగా చెప్పను. ఆ కారులో నా పక్కన కూర్చుని మాత్రం మీరెవరూ పోలేదు. అందుకని ఆ సంగతి చెబుతాను.

నా పేరు భిక్షపతి. వయసు యాభై ఎనిమిది. మా నాయన చేతిమగ్గం మీద జంపఖానాలు నేసేవాడు. నేను మరమగ్గాల షెడ్డు పెట్టాను. ముప్పై ఏళ్ళు స్కూటరు మీద నూలు మూటలు మోసినవాడికి ఒకనాడు మెత్తగా కూర్చోవాలనిపించింది. మూడు నెలల కింద విదేశీ కంపెనీ వాళ్ళ పెద్ద కారు కొన్నాను. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం, కారణం మీకే తెలుస్తుంది.

కారు ఇంటికొచ్చిన రోజు మా అమ్మ హారతిచ్చి, గుమ్మడికాయ కొట్టించి, అంతటితో ఆగలేదు. దేవుడి అర్రలోంచి మా నాయన నాడె పట్టుకొచ్చింది. నాడె అంటే తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. నూలు కండెను పొట్టలో పెట్టుకుని పడుగు దారాల మధ్య అటూ ఇటూ పరుగెత్తే చెక్క అది. జానెడుకు కాస్త ఎక్కువ ఉంటుంది. రెండు కొనలకూ ఇనుప మొనలుంటాయి. మా ఇంట్లో ఏ కొత్త యంత్రం వచ్చినా దానికి నాయన నాడె కడతారు. ప్రతి మగ్గానికీ కట్టాం. పిండి గిర్నీకి కూడా కట్టాం. అమ్మ వంగలేక వంగి, కారు ముందు కింది జాలీకి నల్లదారంతో నాడెను బిగించి కట్టింది. ప్రతి అమావాస్యకూ విప్పి కడిగి, పసుపు రాసి, మళ్ళీ కడుతుంది. "మీ నాయన ముందుంటడు, ఇగ నీకేం ఫికర్ లేదు" అంది.

ఫికర్ ఆ రోజు నుంచే మొదలైంది. పిల్లి ఎక్కితే ఫికర్, పక్కింటివాళ్ళ బంతి వస్తే ఫికర్, ఎవరైనా బాగుందంటే మరీ ఫికర్. అవన్నీ ఉత్త భయాలని తర్వాత తెలిసింది. అసలుది రెండో నెలలో వచ్చింది. ములుగు రోడ్డు మీద ఒక్కణ్ణే పోతున్నాను, ముందు మనిషి లేడు, బండి లేదు, కుక్క లేదు. కారు తనంత తానే బ్రేకు వేసుకుని నడిరోడ్డు మీద ఆగిపోయింది. ఆ తర్వాత రఘునాథపల్లి దగ్గర ఇంకోసారి ఆగింది. ఈసారి వెనక మనిషి ఉన్నాడు.

సుబేదారి: పెట్రోలు బంకులో మొదటి దండం

సర్వీస్ సెంటరు హైదరాబాదులో ఉంది. వాళ్ళిచ్చిన తారీఖు దాకా మూడు వారాలు కారు మీది కవరు తీయలేదు. బయలుదేరే పొద్దున అమ్మ నాడెను విప్పి, దారం మార్చి, ఇంకా నడిమధ్యకు జరిపి గట్టిగా కట్టింది. మా ఆవిడ సుగుణ నా పక్కన కూర్చుంది. ఒక్కణ్ణే పోతానంటే ఆమె ఒప్పుకోలేదు. "నువ్వు ఒక్కనివే పోయి ఏమన్న అయితే నేను ఫోన్ల వినాల్నా?" అంది. ఆ మాటతో నాకున్న కాస్త ధైర్యమూ పోయింది.

సుబేదారిలో పెట్రోలు పోయించుకుంటుంటే బంకు మనిషి కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు.

"సేటూ, దీనంతల ఇదే బ్రేకు గొడ్తదట గదా?" అన్నాడు మెచ్చుకోలుగా.

"కొడ్తది" అన్నాను.

"మస్తుంటది గద సేటూ, మనం నిద్రవోయినా బతికిస్తది."

సుగుణ అద్దం వైపు చూస్తూ చేతులు జోడించింది. ఏ దేవుడికో నేనడగలేదు. నేను కూడా స్టీరింగ్ వదలకుండానే మనసులో జోడించాను.

కాజీపేట దాటాక నలభై మీద ఒక్క గీత ఎక్కనివ్వలేదు. ఇటుకల ట్రాక్టరు నన్ను దాటిపోయింది. ఆటోలో వెనక కూర్చున్న ఇద్దరు ముసలమ్మలు దాటిపోతూ నన్ను జాలిగా చూశారు. నా చూపు ముందు రోడ్డు మీద లేదు, వెనక అద్దంలో ఉంది. ముందున్నవాళ్ళను చూసి భయపడేవాళ్ళను చూశాను గానీ వెనక వచ్చేవాళ్ళను చూసి వణికే డ్రైవరును నేనొక్కణ్ణే అనుకుంటాను. వెనక మోటారు సైకిల్ కనిపిస్తే చాలు, ఎడమకు జరిగి చెయ్యి బయటపెట్టి పొమ్మని ఊపేవాణ్ణి.

రఘునాథపల్లి: ఆగకుండా దాటిన చోటు

ఆ చోటు వచ్చినప్పుడు ఇద్దరం రోడ్డు పక్కకు చూడకుండా దాటేశాం. చెప్పక తప్పదు కాబట్టి చెబుతాను.

మూడు వారాల కింద ఒక మధ్యాహ్నం జనగామ నుంచి ఒక్కణ్ణే తిరిగొస్తున్నాను. కారు మళ్ళీ తనంత తానే ఆగింది. వెనక దబ్బుమని చప్పుడైంది. దిగి చూస్తే మోటారు సైకిల్ పడి ఉంది, దాని మీది దూది బస్తా పగిలి రోడ్డంతా తెల్లగా ఉంది. మనిషి పక్కకు కూర్చుని కుడి మణికట్టును ఎడమ చేత్తో పట్టుకున్నాడు. నలభై దాటిన వయసు, మాసిన గడ్డం. "ఏం గాలే సేటూ, ఏం గాలే" అంటున్నాడు.

సిగ్గు విడిచి చెబుతున్నాను, నేను ముందు నా బంపరు చూశాను. తర్వాత ఆయనను చూశాను. ఆ తర్వాత చేసిన పని ఇంకా బాగాలేదు. ఫోను తీసి బంపరును, మోటారు సైకిల్‌ను, దాని నంబరును, ఆయన ముఖాన్ని ఫోటోలు తీశాను. కంపెనీకి రుజువు కావాలి. రుజువు లేకపోతే వారంటీ కింద బాగుచేయరని మా బామ్మర్ది వందసార్లు చెప్పి ఉన్నాడు. "పేరేంది? ఊరేంది?" అని గట్టిగా అడిగాను. యాకూబ్ అట. తొర్రూరు బస్టాండు వెనక పరుపుల దుకాణమట. అది కూడా ఫోనులో రాసుకున్నాను. దవాఖానకు పోదాం రమ్మన్నాను, అన్నాను గానీ రమ్మన్నట్టు అనలేదు. వద్దన్నాడు. వెనకొచ్చిన, ఆయనకు తెలిసినతను ఎవరో ఆయన్ను ఎక్కించుకుని పోయాడు. నేను కారు చుట్టూ ఇంకోసారి తిరిగాను.

ఇంటికొచ్చి కంపెనీకి పెద్ద ఉత్తరం రాయించాను. మీ కారు వల్ల ఒక మనిషికి దెబ్బ తగిలింది, మీరే జవాబు చెప్పాలి అని. రాయించాక మనసు తేలికైంది. తప్పు వాళ్ళదని కాగితం మీద పడింది కదా. కంపెనీ ఒప్పుకున్నాక యాకూబ్ దగ్గరకు పోయి దర్జాగా చెబుదామనుకున్నాను. ఒప్పుకోకపోతే ఏ ముఖంతో పోవాలి? ఈ యాత్రంతా ఆ ఒప్పుకోలు కోసమే.

ఆలేరు: దోశ సగంలో

ఆలేరు దగ్గర ఒక చిన్న హోటల్లో ఆగాం. దోశ నలభై రూపాయలు. మనవైపు లాగే పల్లీ చట్నీలో పచ్చిమిర్చి దంచి కొట్టారు. హోటలాయన కౌంటరు దిగొచ్చి, కారుకు ఎండ తగలకుండా తన టార్పాలిన్ పట్టా తెచ్చి కప్పబోయాడు. గీతలు పడతాయని నేను దోశ వదిలి పరుగెత్తాను. ఆయన చిన్నబుచ్చుకున్నాడు. "మీ కారును మేమేం తింటమా సార్" అన్నాడు. ఎండలో ఉన్న బండికి నీడ చూపించే మనిషిని నేను దొంగను చూసినట్టు చూశాను. అంతకుముందు నేనట్లాంటి మనిషిని కాదు, నా షెడ్డులో పనిచేసేవాళ్ళను అడగండి.

అక్కణ్ణుంచి రెండు మైళ్ళు పోయామో లేదో స్టీరింగ్ వెనక మీటర్ల మధ్య ఎర్రటి గుర్తు వెలిగింది. కారు గుంజి పట్టి ఆగి, మళ్ళీ వదిలింది. రెప్పపాటు. వెనక ఎవరూ లేరు. సుగుణ నా చెయ్యి పట్టుకుంది, గోళ్ళు దిగాయి. పక్కకు ఆపి పది నిమిషాలు కూర్చున్నాం. దిగి చూశాను. అన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి. అమ్మ కట్టిన కొత్తదారం కొద్దిగా సాగి నాడె ఒక పక్కకు వాలి ఊగుతోంది. దాన్ని కళ్ళకద్దుకుని, నాయనా నువ్వే కాపాడావు అనుకుని, మళ్ళీ సర్ది కట్టాను.

ఉప్పల్: డిక్కీలో దాచిన నాయన

ఉప్పల్‌లో ఒక లాడ్జిలో దిగాం. హైదరాబాదులో మనిషికి గది దొరకడం సులువే, కారుకు చోటు దొరకడమే కష్టం. మా దగ్గర ఇంటి ముందు బండి పెట్టుకోవడానికి పొరుగువాణ్ణి అడిగితే చాలు, మంచినీళ్ళు కూడా ఇస్తాడు. అక్కడ వాచ్‌మన్ గంటకింత అని చెప్పాడు, అది కూడా ముఖం చూడకుండా.

మరునాడు పొద్దున కారు తీసే ముందు వారంటీ పుస్తకం మళ్ళీ చదివాను. కళ్ళజోడు పెట్టుకుని చిన్నక్షరాలు కూడా చదివాను. కంపెనీ ఇవ్వని వస్తువు ఏది బిగించినా దానివల్ల వచ్చిన చెడుకు బాధ్యత తమది కాదని రాసి ఉంది. నాడె కంపెనీ ఇచ్చింది కాదు కదా. దానివల్ల ఏదో అవుతుందని నాకు ఆలోచనే లేదు. కానీ అది చూసి, సాకు దొరికిందని వాళ్ళు మొత్తం కొట్టేస్తే? దారం విప్పి, నాడెను తువ్వాలులో చుట్టి, డిక్కీలో సంచి కింద పెట్టాను.

"అత్తమ్మకు తెలిస్తే?" అంది సుగుణ.

"బయటికి రాంగనే మళ్ళ కడ్త. ఎవరికి చెప్పకు."

అక్కణ్ణుంచి సర్వీస్ సెంటరు దాకా, ఆ ఊరి ట్రాఫిక్కులో, కారు ఒక్కసారి కూడా గుంజలేదు. నేను దాన్ని గమనించలేదు. సుగుణ గమనించిందని తర్వాత తెలిసింది.

సర్వీస్ సెంటరు: మాట్లాడని మనుషులు

లోపల పెళ్ళిమంటపమంత హాలు. చలి. సోఫాలో కూర్చుంటే కాఫీ తెచ్చిస్తారు, డబ్బులు తీసుకోరు. మా దగ్గర మెకానిక్ దుకాణంలో బోల్టు విప్పేలోపు నలుగురు చేరి తలా ఒక రోగం చెబుతారు. ఇక్కడ పదిమంది కూర్చుని ఒక్కరూ మాట్లాడరు. అందరూ దవాఖానలో పేషెంటు బంధువుల్లాగా తలుపు వైపు చూస్తున్నారు.

పక్కన కూర్చున్న కరీంనగర్ గ్రానైటు వ్యాపారిని నేనే కదిలించాను. ఆయన గుసగుసగా చెప్పాడు.

"నాది ఎలుక. లోపట వైర్లు కొరికింది. ఎలుక కొరికితె వారంటీ లేదంటాన్రు. ఎలుక కొరికిందని నేనే చెప్పిన, బుద్ధి తక్కువై. మీరేం చెప్పకుర్రి. అడిగినదానికి లేదనుర్రి."

ఆ ఉపదేశం నా చెవిలో ఇంకా చల్లారకముందే మమ్మల్ని పిలిచారు. సర్వీస్ అడ్వైజరు ముప్పై ఏళ్ళ అమ్మాయి, మర్యాదగా ఉంది. కారును నడిపి చూశారట, యంత్రం పెట్టి చూశారట, ఏ లోపమూ కనబడలేదట.

"కానీ సార్, కారు ఆగిందన్న మాట నిజమే. దాని కంప్యూటర్ లెక్కలో ఉంది. ముందు ఏదో అడ్డం వచ్చిందనుకుని ఆగింది. కింది జాలీ వెనక ఒక సెన్సర్ ఉంటుంది, కన్ను లాంటిది. మీరు అక్కడ ఏమైనా కడతారా? దండలు, నిమ్మకాయలు, ఇనుప వస్తువులు?"

ఇనుప వస్తువులు అన్నప్పుడు ఆ అమ్మాయి నా కళ్ళలోకి చూసినట్టనిపించింది. బహుశా చూడలేదేమో. దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాను. సుగుణ నా వైపు తిరిగింది.

"ఏం కట్టం మేడమ్" అన్నాను.

"ష్యూరా సార్? చాలామంది కడతారు, అందుకని అడుగుతున్నాను."

"మాకట్లాంటి నమ్మకాలు లెవ్వు."

మా నాయన నాడెను డిక్కీలో పెట్టుకుని ఆ మాట అన్నాను. ఆ అమ్మాయి ఒక కాగితం ముందుకు జరిపింది. బయటి వస్తువేదీ అమర్చలేదని నేను చెప్పినట్టు అందులో ఉంది. సంతకం పెట్టాను. నా సంతకం నాకే కొత్తగా కనిపించింది. కారును ఆ రాత్రికి ఉంచుకుని ఇంకోసారి చూస్తామన్నారు. తెల్లారి పోతే మళ్ళీ అదే మాట. లోపం లేదు, తీసుకెళ్ళండి, మళ్ళీ వస్తే ఫోను చేయండి.

మళ్ళీ వస్తే! ఆ మాట అంత సులువుగా ఎలా అంటారు? ఈసారి వెనక లారీ ఉంటే?

పాలకుర్తి: గుట్ట దిగాక

మూడో రోజు. సుగుణ హైవే మీద పోవద్దంది. జనగామ దగ్గర తిరిగి పాలకుర్తి, తొర్రూరు మీదుగా ఇంటికి పోదామంది. దారి ఎక్కువే, కానీ బండ్లు తక్కువ. నాడెను ఘట్కేసర్ దాటాక కడదామనుకున్నాను, ఆపడానికి భయమేసింది. భువనగిరిలో అనుకున్నాను, అక్కడా ఆగలేదు. అలా పాలకుర్తి దాకా వచ్చేశాం. గుట్టెక్కి గుడిలో సోమన్నకు దండం పెట్టుకున్నాం. కింద ఒక ముసలమ్మ దగ్గర ఉడకబెట్టిన పల్లికాయ కొన్నాం, ఇరవై రూపాయలకు దోసెడు. కొసరడిగితే "కారుల వచ్చి కొసరడుగుతావు బిడ్డా" అని నవ్వుతూనే వేసింది.

పల్లికాయ ఒలుస్తూ సుగుణ మెల్లగా అడిగింది.

"ఏమయ్యా, ఉప్పల్ సంది గీడిదాంక ఒక్కపారి గుంజిందా?"

"లేదు."

"వచ్చేటప్పుడు గుంజింది. అప్పుడు నాడె ఉన్నది. ఇప్పుడు లేదు."

నాకు కోపమొచ్చింది. అది మా నాయన నాడె. నలుగురు పిల్లల్ని సాకిన నాడె. అది మనుషుల్ని పడగొడుతుందా? గట్టిగానే అరిచాను. ఆమె అరవలేదు.

"ఆ పొల్ల అడిగినప్పుడే నీ మొఖం జూసిన. నీకు సుత డౌటొచ్చింది. కట్టు. చూద్దం."

ఊరు దాటాక రోడ్డు నేరుగా ఉంది, రెండు పక్కలా పత్తిచేలు. ముందూ వెనకా ఎవరూ లేరు. నాడెను కట్టాను. కావాలనే వదులుగా, ఊగేట్టు కట్టాను. సుగుణను దిగి చెట్టు కింద నిలబడమన్నాను. ఆమె దిగలేదు. వేగం ముప్పై. ఏమీ కాలేదు. నలభై. ఏమీ కాలేదు. నేను గెలిచినట్టు ఆమె వైపు చూడబోయాను. యాభై దగ్గర ఎర్రగుర్తు వెలిగింది. కారు మమ్మల్నిద్దరినీ ముందుకు విసిరి, బెల్టు మీద ఆపింది. పల్లికాయ కాళ్ళ కింద చెల్లాచెదురైంది.

మొదటి రెండుసార్లు కారుకు భయపడ్డాను. సర్వీస్ సెంటరులో కంపెనీకి భయపడ్డాను. ఇప్పుడు వచ్చిన భయం వేరు. ఆ మనిషిని పడగొట్టింది మా ఇల్లు. పడగొట్టి ఫోటో తీసింది నేను. ఒకసారి అడిగితే లేదన్నాను, సంతకం కూడా పెట్టాను.

దిగి దారం విప్పబోతే ముడి రాలేదు. సుగుణ వచ్చి పళ్ళతో కొరికి తెంపింది.

"తొర్రూరు ఎంత దూరం?" అంది.

ఆమెకూ తెలుసు, ఇరవై నిమిషాలు కూడా కాదు. ఆ ఇరవై నిమిషాల దారంతా నేను కారును ఇరవై మీద నడిపాను. ఈసారి దేవుళ్ళెవరూ గుర్తుకు రాలేదు.

తొర్రూరు: బస్టాండు వెనక

దుకాణం తెలుసుకోవడం కష్టం కాలేదు. రేకుల కింద దూది ఏకే మిషను ఉంది గానీ ఆడటం లేదు. సగం కుట్టిన పరుపు నేల మీద ఉంది. దాని పక్కన కూర్చున్న ఒకావిడ కారును చూసి లేచి నిలబడింది. ముఖంలో రక్తం లేదు. లోపలికి తిరిగి, "వచ్చిండు" అంది. మూడు వారాలుగా ఆ మాటను నోట్లో పెట్టుకుని ఉన్నట్టుంది. ఆమె యాకూబ్ భార్య రహీమా.

యాకూబ్ బయటికొచ్చాడు. కుడి చేతికి వెదురుబద్దలు పెట్టి గుడ్డ చుట్టి ఉంది. ఎడమ చెయ్యి నుదుటి దాకా ఎత్తి సలాం చేశాడు.

"సేటూ, నేనే వద్దామనుకున్న. బంపర్ సంగతి ఎట్లనన్న నేను చూస్త. కేసు మాత్రం పెట్టకుర్రి. మీ కాళ్ళు మొక్కుత."

నాకర్థం కాలేదు. సుగుణ అడిగింది.

"కేసేంది అన్నా? ఎవలు పెడ్తరు?"

"ఫోటోలు దీసినరు గదమ్మా. నంబరు, మొఖం, పేరు, ఊరు రాసుకున్నరు. నేను గుద్దిన, తప్పు నాదే. పెద్దదవాఖానకు పోతె యాక్సిడెంటని పోలీసోళ్ళు రాసుకుంటరన్నరు. గందుకే పోలె. ఊళ్ళె ఒకాయన కట్టు కట్టిండు."

ఆ చెయ్యి చూశాను. కట్టులోంచి బయటికొచ్చిన వేళ్ళు వాచి, మణికట్టు ఒక పక్కకు తిరిగి ఉంది. పెద్దసూది పట్టి పరుపు కుట్టే చెయ్యి అది. నేను కంపెనీకి భయపడుతూ దేవుళ్ళకు మొక్కిన మూడు వారాలూ ఈ ఇల్లు నాకు భయపడి దవాఖానకు పోలేదు.

పరుపు అంచు మీదే కూర్చున్నాను. తువ్వాలు విప్పి నాడె చూపించాను. ఎందుకు కట్టామో, ఎట్లా దాచానో, పాలకుర్తి దగ్గర ఏమైందో మొత్తం చెప్పాను. యాకూబ్ నాడెను ఎడమ చేత్తో తీసుకుని ఇనుప మొనను బొటనవేలితో తాకి చూశాడు. పనిముట్టు తెలిసినవాడు చూసే చూపు అది.

"అయితె సేటూ, నా తప్పు లేదా?"

"లేదు యాకూబ్ భాయ్."

"నేను దగ్గరికొచ్చిన, గందుకే గుద్దిన అనుకున్న."

"నీది కాదు. నాది."

ఆయన ముఖం వెలిగిపోయింది. దానికి నేను సిద్ధంగా లేను. కోపగిస్తాడనుకున్నాను, తిడతాడనుకున్నాను. భార్య వైపు తిరిగి "విన్నవా? నా తప్పు లేదంట!" అన్నాడు. పక్క దుకాణం మనిషిని కేకేసి మరీ చెప్పాడు. "అన్నా, తప్పు నాది కాదంట! సేటు అచ్చి చెప్పిండు!" పళ్ళన్నీ కనబడేట్టు నవ్వుతున్నాడు. తిరిగిపోయిన మణికట్టుతో నవ్వుతున్నాడు. నేను తల దించుకున్నాను.

రహీమా నవ్వలేదు.

"మరి ఫోటో ఎందుకు దీసినవ్?" అంది.

"కారు వారంటీ కోసం."

"గదేంది?"

"వస్తువు చెడిపోతే, చేసినోళ్ళే బాగుచేసి ఇస్తమని రాసిస్తరమ్మా."

ఆమె మొగుడి చేతి వైపు చూసింది.

"మంచిదే" అంది. "మరి ఈ చెయ్యి చెడగొట్టినోళ్ళు?"

హన్మకొండ: దవాఖాన వరండా

ఆ సాయంత్రమే ఇద్దరినీ ఎక్కించుకుని వచ్చాం. సీటు మాస్తుందని యాకూబ్ బొంత పరుచుకోబోతే సుగుణ లాగేసింది. నాడె అమ్మ చేతికిచ్చి జరిగింది చెప్పాను. ఆమె పమిట నోటికడ్డం పెట్టుకుని, దాన్ని తీసుకుని లోపలికి పోయింది. మరునాడు సర్వీస్ సెంటరుకు ఫోను చేసి, కట్టాను మేడమ్, అబద్ధం చెప్పాను అన్నాను. రాసుకుంటాను సార్ అంది. ఏం రాసుకుందో నేను అడగలేదు. వారంటీ ఉందో పోయిందో ఇప్పటికీ అడగలేదు.

దవాఖానలో ఎముకల డాక్టరు ఎక్స్‌రే వెలుగుకు పెట్టి చూపించాడు. ఎముక వంకరగా అతుక్కుంటోందట. అట్లాగే వదిలేస్తే ఆ చెయ్యి సూది పట్టదు. మళ్ళీ విరిచి సరిగ్గా కట్టాలి. అప్పటికైనా పూర్తిగా తిరుగుతుందని మాట ఇవ్వలేనన్నాడు.

విరవాలి అన్న మాటకు యాకూబ్ నవ్వు పోయింది. వరండాలో బెంచీ మీద నా పక్కన కూర్చున్నాడు. మోకాళ్ళు వణుకుతున్నాయి. మూడు రోజులు స్టీరింగ్ పట్టుకుని నేను ఎట్లా వణికానో అట్లాగే. లోపలి నుంచి నర్సు పేరు పిలిచింది. ఆయన లేవలేదు. ఎడమ చేత్తో నా చొక్కా చెయ్యి పట్టుకున్నాడు.

"సేటూ, నాకు బుగులైతాంది" అన్నాడు. "నువ్వు లోపటికి వస్తవా?"

నెత్తురు చూస్తే నాకు కళ్ళు తిరుగుతాయి. పోయాను.